కార్బురేటర్ ముట్టుకునే ముందు

బిడ్డా,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు షెడ్డులో కంప్రెసర్ మోతకు సగమే వినపడింది. బండికి డబ్బా లేకుండా బయటికే ఉండే కోన్ ఫిల్టర్, గాలినీ పెట్రోల్‌నూ కలిపే కార్బురేటర్ 24 మిల్లీమీటర్ల పెద్ద సైజుది, నడుమ ఉబ్బెత్తుగా ఉండే ఛాంబర్ సైలెన్సర్ వేయిద్దామని నీ దోస్తులు అంటున్నారని మాత్రం అర్థమైంది. ఫోన్‌లో తేలే మాట కాదు కాబట్టి రాస్తున్నా.

అది నేను 1994లో కొన్న యమహా ఆర్ఎక్స్ 100 బండి. 1996 తర్వాత ఆ బండి రావడమే ఆగిపోయింది. నీకు కరీంనగర్‌లో ఉద్యోగం వచ్చిన రోజు తాళం చేతిలో పెట్టాను. పికప్ పెంచుకోవాలని నీకు అనిపించడం తప్పని నేననను. నీ వయసులో నాకూ అనిపించింది, చేశాను కూడా.

ఎండాకాలం. ఫిల్టర్ డబ్బా తీసేసి కోన్ పెట్టాను, సైలెన్సర్ లోపలి గొట్టం పీకేశాను, కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే చిన్న రంధ్రపు ముక్క, అంటే జెట్టు, మాత్రం పాతదే ఉంచాను. ములుగు రోడ్డు మీద మల్లంపల్లి దాటాక బండి ఎన్నడూ లేనంత తేలికగా ఉరికింది. సంబరపడ్డాను. రెండు నిమిషాలకే శబ్దం సన్నబడి, లోపల గలగలమని, వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంది. వేళ్లు క్లచ్ మీద ఉండబట్టి వెంటనే క్లచ్ నొక్కాను గానీ, లేకుంటే వెనక వచ్చే లారీ కింద ఉండేవాణ్ణి. పిస్టన్ విప్పి చూస్తే సైలెన్సర్ వైపు గోటితో గీరినట్టు నిలువునా గీతలు. సిలిండర్ లోపల తొలిపించి, బోర్ చేయించాల్సి వచ్చింది.

పిస్టన్ ఎందుకు పట్టేసిందో, అంటే సిలిండర్‌లో ఎందుకు బిగుసుకుందో విను. ఒక వంతు పెట్రోల్ పూర్తిగా మండాలంటే బరువులో 14.7 వంతుల గాలి కావాలి. గట్టిగా లాగాలంటే గాలి ఇంకొంచెం తక్కువే, 13 దగ్గర ఉండాలి. ఫిల్టర్, సైలెన్సర్ తెరిచేస్తే గాలి పెరుగుతుంది, పాత జెట్టులోంచి పెట్రోల్ మాత్రం అంతే వస్తుంది. దాన్నే లీన్ అంటాం. వేడెక్కి పిస్టన్ ఉబ్బుతుంది, పట్టేస్తుంది. మే నెల ఎండలో సరిపోయిన జెట్టు డిసెంబర్ తెల్లవారుజామున లీన్ అవుతుంది, చలిగాలి చిక్కగా ఉంటుంది కదా. అందుకే ఏది మార్చినా ముందు పెద్ద మెయిన్ జెట్టు వేసి, చూసుకుంటూ ఒక్కో సైజు తగ్గించుకుంటూ రావాలి.

సైలెన్సర్ కోసి మోత పెంచితే బలం పెరిగిందనుకుంటారు. మన బండి లాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌లో గాలి, పెట్రోల్ కలిసిన కొత్త మిశ్రమం కొంత కాలకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. సైలెన్సర్ లోపల లావై మళ్ళీ సన్నబడే చోటి నుంచి ఒత్తిడి అల వెనక్కి కొట్టి దాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి తోస్తుంది. ఆ కొలతలు చెడగొడితే మిగిలేది చప్పుడే. పైగా కంపెనీ ఇచ్చింది మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది.

పెద్ద కార్బురేటరా? నువ్వు రోజూ తిరిగేది ట్రాఫిక్‌లో. నోరు పెద్దదైతే తక్కువ రేజ్‌లో గాలి వేగం పడిపోతుంది, జెట్టు నుంచి పెట్రోల్ సరిగ్గా గుంజదు, సిగ్నల్ దగ్గర బండి మొరాయిస్తుంది. దీని 20 సైజు మికుని దీనికి చాలు.

కోన్ ఫిల్టర్ మాట మాత్రం అసలే వద్దు బిడ్డా. నువ్వు పోయే దారిలో గ్రానైట్ క్వారీలున్నాయి. నువ్వు ఇంటికి వచ్చినప్పుడల్లా ఫిల్టర్ డబ్బాలోని ఫోమ్‌ను కిరోసిన్‌లో ముంచి ఒత్తితే కిరోసిన్ బూడిద రంగులో దిగుతుంది. రాయి పొడి అది, లోపలికి పోతే పిస్టన్ చుట్టూ ఉండే రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. నెలకోసారి ఫోమ్‌ను కిరోసిన్‌లో కడుగు. మెలిపెట్టకు, అరచేతుల మధ్య ఒత్తు. ఆరాక కొంచెం ఆయిల్ అద్ది, మళ్ళీ ఒత్తి పెట్టు.

బండి మందంగా ఉందంటే కారణాలు వేరే ఉంటాయి. సైలెన్సర్ గొట్టంలో మసి పేరుకుంటే కక్కలేక ఆయాసపడుతుంది. కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య రబ్బరు పగిలితే దొంగగాలి పోతుంది. కార్బురేటర్‌లోని సూది అరిగితే పెట్రోల్ తాగుతుంది. ఈ మూడూ నేను చూస్తాను. పాత పికప్ ఎంత ఉండేదో అప్పుడు నీకే తెలుస్తుంది. తర్వాత కూడా చాలదంటే కంపెనీ సైలెన్సర్‌కే తగ్గ జెట్లు నేనే దగ్గరుండి వేసి, ఊరి బయట ఖాళీ జాగాలో నడిపి చూస్తాను.

ఆదివారం హుజూరాబాద్ మీదుగా వస్తావు కదా. ఎల్కతుర్తి దాటాక ఖాళీ రోడ్డు చూసుకుని, ఒక నిమిషం నిలకడగా లాగి, క్లచ్ పట్టి, ఇంజన్ ఆపి పక్కకు ఆగు. చల్లారాక స్పార్క్ ప్లగ్గు విప్పి దాని కొస రంగు చూడు, కాలుతుంది జాగ్రత్త. బిస్కెట్ రంగుంటే మంచిదే. నల్లగా తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ. తెల్లగా ఉంటే మాత్రం లీన్ అన్నట్టే, ఇక రేజ్ ఇవ్వకు, నలభై దాటకుండా మెల్లగా రా. కొత్త ప్లగ్గు సీటు కింద సంచిలో ఉంది, అది బిగించుకుని, విప్పిన దాన్ని తుడవకుండా కాగితంలో చుట్టి తీసుకురా.

మీ అమ్మ సర్వపిండి చేస్తానంటోంది. చీకటి పడకముందే బయలుదేరు.

మీ బాపు