ఈసారి బుక్ మీటింగ్ బీచ్‌లో!

అక్కలకీ చెల్లెళ్లకీ అందరికీ వందనాలు.

తిరుపతి ఎండకి తట్టుకోలేం కాబట్టి ఈసారి తూపిలిపాళెం బీచ్‌లో కూర్చుందాం, మే రెండో శనివారం, పొద్దున 5కే బస్టాండ్ దగ్గర వ్యాన్, శ్రీకాళహస్తి నాయుడుపేట మీదగా పోతాం.

పుస్తకం ఫ్రాన్సీన్ రివర్స్ రాసిన రిడీమింగ్ లవ్. 1991లో వచ్చింది. బైబిల్లోని హోషేయ ప్రవక్త, ఆయన భార్య గోమెరు కథనే 1850ల కాలిఫోర్నియాకి, బంగారం కోసం జనం ఎగబడిన రోజులకి తీసుకుపోయి రాసింది. ప్రేమకథే కానీ కథానాయిక ఏంజెల్ పడ్డ బాధలు చదువుతుంటే గుండె పిండేస్తుంది, చిన్నపిల్లల చేతికి మాత్రం ఇవ్వద్దు.

సగమైనా చదివి రండి, బైబిల్లో హోషేయ మొదటి 3 అధ్యాయాలు అయితే అందరూ చదవాల్సిందే. బుక్ లేనోళ్లు నాకు మెసేజ్ పెట్టండి.

పులిహోర నేను తెస్తా, మజ్జిగ, టోపీ మీవి. నీళ్లలో లోతుకి ఎవరూ దిగొద్దు ప్లీజ్.

వచ్చేవాళ్లు గురువారం లోపు ఇక్కడే పేరు పెట్టండి, వ్యాన్ చెప్పాలి.