తలకాయ నొస్తే ముందు నీళ్లు, తర్వాతే గోలి

సంపాదక మహాశయా,

ఎండలు ముదిరాయంటే వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఉప్పు, పప్పులతో పాటు తలనొప్పి గోలీలు కూడా కిరాణా దుకాణంలోనే దొరుకుతాయి. కానీ ఈ కాలంలో వచ్చే తలనొప్పుల్లో చాలావాటికి మూలం పొద్దుటి నుంచి ఏమీ తినకపోవడం, చెమట పోయినంత నీళ్లు తాగకపోవడం. చేన్లలో మిర్చి ఏరేవాళ్లకూ, ఏనుమాముల మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలకూ ఇది మరీ ఎక్కువ. గోలి నొప్పిని అణుస్తుందే గానీ ఒంట్లో తగ్గిన నీటిని తిరిగి తేదు. పైగా ఖాళీ కడుపున, చెమటతో ఎండిపోయిన ఒంటికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పడితే కడుపులో పుండుకూ, కిడ్నీల దెబ్బకూ దారితీయవచ్చు.

కాబట్టి ముందు నీడకు చేరి రెండు గ్లాసుల నీళ్లు గుక్కగుక్కగా తాగాలి. ఉప్పేసిన సల్ల గానీ, జొన్న అంబలి గానీ ఉంటే ఇంకా మేలు. చెమట బాగా పోయి ఉంటే ఓఆర్ఎస్ (ఉప్పు, చక్కెర కలిసిన పొడి కలిపిన నీళ్లు) తాగాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు: సగం ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపేస్తారు. అప్పుడు ఉప్పు ఎక్కువై దప్పిక, వాంతి మొదలవుతాయి. లీటరు ప్యాకెట్‌ను మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు చిన్న చెంచాతో, అంచుకు సమంగా కొలిచి, ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. బీపీ, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే.

తల చుట్టూ పట్టీ బిగించినట్టుండి మెడ పట్టేస్తే, వేడినీళ్లలో ముంచి పిండిన బట్టను మెడ వెనక 15 నిమిషాలు ఉంచాలి. ఒక పక్కన కొట్టుకుంటూ, వెలుతురు చూడలేక, వాంతి వచ్చేట్టుంటే అది పార్శ్వపు నొప్పి. దానికి చీకటి గది, కుండనీళ్లలో తడిపిన బట్ట. శొంఠి కొమ్మును సానమీద అరగదీసి పట్టు వేయడం మన ఇళ్లలో మామూలే. పలుచగా, పెద్దవాళ్లకే, కళ్లకు దూరంగా వేసి, మంట మొదలవగానే కడిగేయాలి. ఆరేదాకా ఉంచితే చర్మం పొక్కుతుంది. కర్పూరం ఉన్న బామ్ చంటిపిల్లలకు రాయనే రాయొద్దు.

మూడు నెలలకు పైగా, నెలకు 15 రోజులు గానీ అంతకు మించి గానీ మామూలు నొప్పి గోలీలు మింగితే ఆ గోలీలే తలనొప్పి తెస్తాయి. కెఫీన్ కలిసినవైతే 10 రోజులే చాలు. గోడ క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజుకు సున్నా, గోలి వేసుకున్న రోజుకు గీత పెట్టుకుంటే లెక్క కళ్లకు కనిపిస్తుంది. మానేసిన మొదటి రోజుల్లో నొప్పి పెరుగుతుంది, అందుకే డాక్టరు సలహాతో మానాలి.

ఇంట్లో ఆగకూడనివి కొన్ని ఉన్నాయి: ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, మూతి వంకర, మాట తడబాటు, జ్వరంతో మెడ బిగుసుకోవడం, తలకు దెబ్బ, గర్భిణికి చూపు మసకబారడం, చేనుకు పురుగుమందు కొట్టాక తలనొప్పితో వాంతులు, చొంగ. ఎండలో ఒళ్లు కాలిపోతూ మాట తికమకపడితే నోట్లో నీళ్లు పోయొద్దు, ఒళ్లంతా తడిపి గాలి విసరాలి. వీటిలో దేనికైనా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

మిర్చి సీజన్ అంతా ఏనుమాముల యార్డులో కాంటాల దగ్గర సరైన కొలతతో కలిపిన ఓఆర్ఎస్ ఉంచాలనీ, కలిపే తీరును అక్కడే బోర్డు మీద తెలుగులో రాయించాలనీ మార్కెట్ అధికారులను కోరుతున్నాం.

— ఇద్దరు విశ్రాంత స్టాఫ్ నర్సులు, హన్మకొండ