జ్వరం మందు తాగించి బడికి పంపకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన సోమవారం మూడో పీరియడ్‌లో, మూడో తరగతి టీచర్ ఒక బాబును నా గదికి తీసుకొచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఒళ్లు కాలిపోతోంది, కుర్చీలో కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతున్నాడు. థర్మామీటర్ పెడితే 102.4. "పొద్దున అమ్మ సిరప్ తాగించింది మేడమ్, తగ్గిపోయింది" అన్నాడు. వాళ్లమ్మను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు, ఆవిడకు డ్యూటీ, వీడికేమో యూనిట్ టెస్ట్, ఏం చేస్తుంది! కానీ పారాసిటమాల్ పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలే. ఏడింటికి తాగిస్తే పదకొండుకల్లా జ్వరం మళ్లీ వస్తుంది, ఆలోపు పక్కన కూర్చున్న ఇద్దరికి అంటుకుంటుంది. మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపండి.

ఆ సిరప్ సీసా ఒకసారి తిప్పి చూడండి. 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉండేవి, 250 ఉండేవి, రెండూ ఒకేలా కనిపిస్తాయి. అన్నకు రాసిన మందు తమ్ముడికి అదే కొలతతో పోసేస్తుంటాం, డోసు లెక్క వయసును బట్టి కాదు, బరువును బట్టి. డాక్టర్‌ని ఒక్కసారి అడిగి సీసా మీద రాసిపెట్టుకోండి, వంటింటి చెంచాతో కాకుండా దాంతో వచ్చిన మూతతోనే కొలవండి.

వానలు మొదలయ్యాయి కాబట్టి డెంగీ గురించి కూడా చెప్పాలి. జ్వరం దిగిందంటే గండం గడిచిందనుకుంటాం, డెంగీలో అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం తగ్గుతూ ఉండగా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి, బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. మెడికల్ షాపులో అడిగి ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ మాత్రం వేయొద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. ఈ దోమ పగలే కుడుతుంది, అందుకే ఫుల్ ప్యాంట్లతో పంపమంటున్నాం. బడిలో కుండీలు, పైన ట్యాంకు మూత ప్రతి శుక్రవారం నేనే దగ్గరుండి చూస్తున్నాను.

విరేచనాలైతే ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, గ్లాసుకు కొంచెం కొంచెం కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) తీపి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే మాట ఉండకూడదని ఆదేశించింది. అయినా కొనేముందు ప్యాకెట్ చదవండి, చక్కెర నీళ్లతో విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి.

ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా ఇంట్లోనే ఉంచండి. కళ్లకలక అయితే టవల్ వేరుగా పెట్టండి, మిగిలిన చుక్కల మందు పక్కింటివాళ్లకు ఇవ్వకండి.

ఒంట్లో బాగోలేక టెస్ట్ రాయలేకపోతే మళ్లీ పెడతాం, మార్కులు తగ్గించం. ఇది నా మాట. ఉదయం ఎనిమిదిన్నరలోపు క్లాస్ టీచర్‌కి ఒక్క మెసేజ్ పెట్టండి, ఏం జబ్బో కూడా రాయండి. ఒకే తరగతిలో ముగ్గురికి ఒకే లక్షణాలుంటే మిగతా తల్లిదండ్రులకు ఆ సాయంత్రమే చెప్పగలుగుతాం, పిల్లల పేర్లు మాత్రం బయటపెట్టం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు