ఆ రాత్రి మళ్లీ పార్కుకి వచ్చిన మేస్త్రి గారికి

అందరికీ నమస్కారం.

మంగళవారం తెల్లవారుజాము నాలుగు దాటింది. శనివారం సాయంత్రం నుంచి లెక్కేసుకుంటే మొత్తం మీద ఏడెనిమిది గంటలు పడుకున్నానేమో. ఇప్పుడు రాయకపోతే ఇంక రాయలేననిపించి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ముందు అందరూ అడుగుతున్నది చెప్పేస్తాను. శనివారం పార్కులో మూసేసిన కాలువలో చిక్కుకున్న నాలుగు పిల్లి కూనల్లో మూడు బతికాయి. తల్లి కూడా వాటితోనే ఉంది, మా వెనక బాల్కనీలో పెద్ద బోనులో. అన్నిటికంటే చిన్నది ఇంకా నీరసంగానే ఉంది.

పార్కు పేరు రాయడం లేదు. విశాఖ ఎంవీపీ కాలనీ వైపు నడకకు వచ్చేవాళ్లకు ఎలాగూ తెలుసు. మిగతావాళ్లకు తెలియకపోవడమే మంచిది. ఫలానా చోట పిల్లులకు తిండి పెడతారని తెలిస్తే చాలు, రాత్రికి రాత్రి అట్టపెట్టెలో తెచ్చి వదిలేసేవాళ్లున్నారు. ఈ తల్లి కూడా అలా వచ్చిందే. జూలై చివర్లో ఒక పొద్దున్న గేటు పక్కన మిక్సీ అట్టపెట్టెలో కనిపించింది. ఒళ్లంతా చారలు, మెడ చుట్టూ పట్టీ కట్టి తీసేసిన గుర్తు. ఎవరింట్లోనో పెరిగిందే. బంగారి అని పేరు పెట్టాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని బోనులో చేపముక్క పెట్టి ఎన్ని రోజులు కాచినా లోపలికి అడుగు పెట్టలేదు. పిల్లి చూలు రెండు నెలలే కదా. మేం తంటాలు పడుతుండగానే కడుపు కనిపించింది, సెప్టెంబర్ ఆఖరులో ఈనేసింది.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పార్కులో చెట్లు కూలిపోయినప్పుడు, పడిపోయిన కొమ్మల కింద నుంచి అరుస్తున్న ఒక నల్లపిల్లికి పెరుగన్నం పెట్టడంతో నాకిది మొదలైంది. తర్వాత ఇంకో నలుగురు కలిశారు. పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఏడింటికి పెడతాం, తినగానే కాగితాలు తీసేసి ఆ చోటు కడిగేస్తాం. ఒక్కోదాన్నీ పట్టి, ఆపరేషన్, టీకా చేయించి, తిరిగి అక్కడే వదులుతాం. వాటి ఎడమ చెవి కొస కత్తిరించి ఉంటుంది చూడండి, అది ఎవరో కొట్టిన దెబ్బ కాదు. ఆపరేషన్ అయిందని దూరం నుంచే తెలియడానికి, మత్తులో ఉండగానే డాక్టర్లు పెట్టే గుర్తు. మా పద్నాలుగింటిలో పదమూడింటికి ఆ గుర్తు ఉంది. బంగారి వచ్చేదాకా రెండేళ్లు అక్కడ ఒక్క కూన పుట్టలేదు. “సంచిలో వేసి భీమిలి అవతల వదిలేస్తే పోదా” అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇవి పోతే చోటూ తిండీ ఖాళీ అవుతాయి, ఆపరేషన్ కానివి కొత్తవి వచ్చి చేరతాయి. మళ్లీ మొదటికే వస్తాం.

సరే, శనివారం సంగతి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. బంగారి కూడా తిప్పింది. ముందు పొదల్లో, తర్వాత పంపు గదిలో, చివరికి నడక దారి పక్కనున్న వాన నీటి కాలువలోకి చేర్చింది. కాలువ మీద పాత పలకలు విరిగి ఉండేవి, ఆ కంతలోంచి వెళ్లి వస్తుండేది. శనివారం ఆ పలకలు మార్చారు. అది తిండికి బయటికి వచ్చిన వేళలో కొత్తవి పరిచి, సందులన్నీ సిమెంటుతో పూడ్చేశారు. సాయంత్రం అయిదింటికి నేను వెళ్లేసరికి పలకని గోకుతూ కనిపించింది. ముందుకాళ్ల గోళ్ల దగ్గర రక్తం. నేల మీద పడుకుని చెవి ఆనిస్తే లోపలి నుంచి సన్నగా అరుపులు వినిపించాయి.

అప్పటి నుంచి రాత్రి పదిన్నర వరకు పదకొండు ఫోన్లు చేశాను. ఒక ఆఫీసులో “కుక్కలకైతే బండి పంపుతాం మేడమ్, పిల్లులకు మా దగ్గర ఏర్పాటు లేదు” అన్నారు. ఇంకో చోట పలకలు కాంట్రాక్టరువి అన్నారు. కాంట్రాక్టరు మనిషి “పగలగొడితే మీ మీద కేసవుతుంది, సోమవారం కాగితం రాసివ్వండి” అన్నాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది, తెల్లారేలోపు వాన అని టీవీలో చెబుతున్నారు. మేం నలుగురం ఆడవాళ్లం, ఒక ఇంటర్ కుర్రాడు. ఆ పలక ఒక్క అంగుళం కూడా కదల్లేదు.

పదిన్నరకి చీకట్లోంచి ఒకాయన వచ్చారు. భుజాన గునపం, చేతిలో చిన్న సంచి. నలభై, నలభై అయిదేళ్లుంటాయి.

“ఏటమ్మా, ఇంకా అరుస్తన్నాయా?” అన్నారు.

ఎవరు బాబూ మీరు అంటే తలొంచుకున్నారు. “నానే మూసీసినానమ్మా. మూసినప్పుడే ఏటో ఇనబడ్డాది. సెప్తే ఎలకలుంటాయి, కానిచ్చీ అన్నారు. ఇంటికెళ్లి అన్నం ముందు కూకుంటే దిగనేదు. నానే మూసినాను, నానే తీసీత్తాను.”

ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు ఆడటం లేదు.

ఆయన పని చేసిన తీరు చెప్పాలి. నేనైతే అరుపు వినబడ్డ చోటే కొట్టించేదాన్ని. ఆయన వద్దన్నారు, ముక్కలు కూనల మీద పడతాయని. అక్కడి నుంచి మూడు పలకలు వదిలి, నాలుగో దాని దగ్గర కూర్చున్నారు. పెద్ద సుత్తి ముట్టుకోలేదు. సందులో సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, ఉలితో కొంచెం కొంచెంగా గీకి, గీకిన పొడి లోపల పడకుండా తడి గోనెసంచి అడ్డం పెట్టుకుంటూ చుట్టూ తీసుకొచ్చారు. రెండు గంటలు పట్టింది. మధ్యలో చాలాసార్లు ఆగి, “ఇనబడతందా?” అని అడిగేవారు. మేం విని ఔననగానే మళ్లీ మొదలెట్టేవారు. గునపం వేసి పలక ఎత్తాక బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టారు. ఒక్కోదాన్నీ తీసి తన చొక్కా విప్పి అందులో పెట్టారు. నాలుగోది ఊపిరి పీల్చడం లేదు.

బతికినవాటిలో చిన్నదాని వీపు మీద సిమెంటు అట్ట కట్టేసింది. నేను తువ్వాలుతో తుడవబోతే ఆయన ఆపి, “తుడిస్తే పోదమ్మా. నీల్లెట్టి కడగాల. సిమెంటు ఒల్లు తినీస్తాది, నాకు తెలుసు” అంటూ ఫోన్ లైటు కింద తన వేళ్లు చూపించారు. వేళ్ల కొసల్లో శనగగింజంత గుంటలు, సిమెంటు తిన్న చోట. ఆ వేళ్లతోనే గోరువెచ్చటి నీళ్లు పోస్తూ, వెంట్రుక వెంట్రుకా విడదీస్తూ ముప్పావుగంట కడిగారు. ఆదివారం పొద్దున్న చూసిన డాక్టరు గారు కూడా అదే అన్నారు, రాత్రంతా అలా ఉంచితే చర్మం ఊడిపోయేదని.

చనిపోయినదాన్ని బాదం చెట్టు కింద ఆయనే తాపీతో గొయ్యి తీసి పెట్టారు. నేను పర్సులో ఉన్నదంతా తీసి చేతిలో పెట్టబోయాను. వెనక్కి జరిగారు.

“వద్దమ్మా. ఒకటి సచ్చిపోనాది కదా. ఇప్పుడు డబ్బులట్టుకుంటే దాని మీద కూలి తీసుకున్నట్టుంటాది.”

మా నాన్నగారు పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషిని. ఆ నడక దారి మీద కూలబడి ఏడ్చాను. ఆయన ఏం చెయ్యాలో తెలియక, తడి గోనెసంచి మడతపెట్టుకుంటూ పక్కనే నిలబడ్డారు.

ఆయన పేరు, ఊరు రాయను. పని పోతుందని భయం ఆయనకు ఉంది, నాకూ ఉంది. పలక ఎవరు తీశారని ఎవరడిగినా నా పేరు చెప్పండి. తీయించింది నేనే, నష్టం ఎంతైనా కట్టేది నేనే.

ఆదివారం తెల్లారేసరికి వాన పట్టుకుంది. గొడుగేసుకుని వెళ్లి ఆ కాలువలోకి చూశాను. జానెడు లోతున నీళ్లు పరుగెడుతున్నాయి.

అది చూశాక కోపం ఆపుకోలేకపోతున్నాను, క్షమించండి. 1960 నుంచి జంతు హింస నిరోధక చట్టం ఉంది. భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ ఉంది, జంతువును కావాలని చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల వరకు జైలు. రాజ్యాంగంలోనే 51ఎ(జి)లో ప్రాణుల పట్ల దయ పౌరుడి బాధ్యత అని రాసి ఉంది. ఇవన్నీ ఫోన్లో చదివి వినిపిస్తే అవతలి గొంతు “పిల్లికి కూడానా?” అంది. కావాలని మూశారని నేను అనడం లేదు. అరుపు వినబడుతోందని చెప్పాక కూడా సోమవారం రమ్మన్నారే, అది నాకు మింగుడు పడటం లేదు. మూసేముందు ఒకసారి వంగి టార్చి వేసి చూడమని పనివాళ్లకు చెప్పడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. ఇన్నేళ్లూ పిల్లుల ఆపరేషన్లకు మా ఇళ్ల ఖర్చుల్లోంచే పెట్టుకున్నాం. కనీసం రాత్రిపూట పలికే ఒక ఫోన్ నంబరైనా ఇవ్వండి.

మా ఆయన, మా అమ్మాయి తోడుగా ఉన్నారు, అది వేరే చెప్పక్కర్లేదు. మా అత్తగారు బాల్కనీ ఇచ్చి తన తులసి కుండీలు లోపల పెట్టుకున్నారు.

డాక్టరు గారికి కృతజ్ఞతలు. ఆదివారం సెలవు రోజు క్లినిక్ తెరిచారు. ఒళ్లు చల్లబడిన కూనకు పాలు పట్టకూడదని, ముందు వేడి చెయ్యాలని, ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయని ఓపిగ్గా చెప్పారు. లేకపోతే నేను ఆవుపాలే కాచి పెట్టేదాన్ని. కూనల పాలపొడి కూడా ఆవిడే ఇచ్చారు. వీటికి రెండు నెలలు నిండాక బంగారికి ఆపరేషన్. కూనల్ని పెంచుకునే ఇళ్లు కావాలి, నిజంగా పెంచుకునేవాళ్లే అడగండి.

సోమవారం పొద్దున్న పలక మళ్లీ వేశారు. వేసింది ఆయనే. పక్కన సూపర్‌వైజరు ఉన్నాడని నేను పలకరించలేదు. చివరి పలక దగ్గర ఒక ఇటుక పట్టేంత సందు వదిలి, అంచులు కోసుకోకుండా నున్నగా తాపీతో రుద్దారు. నేను దాటి వెళ్తుంటే తలెత్తకుండానే ఆ సందు మీద తాపీతో రెండుసార్లు తట్టారు.

అయ్యో, వాచ్‌మన్ గారిని మర్చిపోయాను. పది దాటాక గేటు తాళం తీసి మేస్త్రి గారిని లోపలికి పంపింది ఆయనే. గోరువెచ్చటి నీళ్లు రెండు క్యాన్లు మోసుకొచ్చింది టిఫిన్ సెంటర్ వాళ్లు, అప్పటికి పొయ్యి ఆర్పేసి కూడా మళ్లీ వెలిగించారు. రాత్రి ఒంటిగంటన్నరకి ఇంటికి దింపి డబ్బులు తీసుకోని ఆటో అతనికి కూడా. మూడు గంటలపాటు ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డ ఇంటర్ కుర్రాడికి, వాళ్లమ్మ తిట్టొద్దని నా మనవి.

ఇంకొకరు. పెద జాలరిపేట నుంచి చేపల తట్టతో వచ్చే మామ్మ. బోనులోకి రెండు నెలలు రాని బంగారి, ఆదివారం ఆవిడ కవ్వళ్ల చేపలు పెట్టి పిలిస్తే, కూనల అరుపు కూడా విని తిన్నగా లోపలికి నడిచింది. తలుపు వేసింది నేనైనా పట్టింది మామ్మే.

ఇంకా ఎవరినైనా మర్చిపోతే తిట్టుకోకండి, గుర్తు రాగానే రాస్తాను. చిన్నది తల్లి దగ్గర సరిగ్గా తాగలేకపోతోంది, మూడు గంటలకోసారి సిరంజీతో పట్టాలి. దాని టైమయింది.