పెట్టెలు రాని మూడు రోజులూ మమ్మల్ని చూసుకున్నవారికి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నెల్లూరు నుంచి బయలుదేరిన మేము 11 మందిమీ దక్షిణాఫ్రికాలో క్షేమంగా ఉన్నాం. మా కోసం ప్రార్థించిన వారికి, ఫోను చేసిన వారికి ఒక్కొక్కరికీ బదులివ్వలేకపోయాను, మన్నించండి. ఇక్కడి సమయం మనకంటే మూడున్నర గంటలు వెనుక. మీరు తెల్లవారుజామున చేసిన ఫోన్లు మాకు నడిరాత్రి మోగేవి.

దుబాయి మీదుగా వచ్చి డర్బన్‌లోని కింగ్ షాకా విమానాశ్రయంలో దిగాం. 17 పెట్టెలు వేస్తే వచ్చినవి 6. సెలవుల బైబిలు బడికి కుట్టించిన బొమ్మలు, హార్మోనియం, అందరి స్వెటర్లు రాని వాటిలోనే ఉండిపోయాయి. 'వేసవి సేవాయాత్ర' అని అచ్చు వేయించిన బ్యానరు మాత్రం భద్రంగా వచ్చింది. ఇక్కడ జూన్ అంటే చలికాలం. సాయంత్రం 5 దాటితే చీకటి. ఆ బ్యానరు పట్టుకుని వణుకుతూ నిలబడిన మమ్మల్ని చూసి, తీసుకువెళ్లడానికి డర్బన్‌కు ఉత్తరాన ఉన్న స్టాంగర్ అనే ఊరి నుంచి వచ్చిన సంఘ పెద్దలు నవ్వు ఆపుకోలేకపోయారు.

నవ్వలేని సంగతి ఒకటి ఉంది. మా బృందంలోని పెద్దాయన ఇన్సులిన్ కూడా ఆ రాని పెట్టెలోనే ఉంది. మందులు చేతిసంచిలో పెట్టుకోమని ముందే చెప్పవలసింది నేను. బరువులు తూచి సర్దే హడావిడిలో మరిచాను. ఈ తప్పు నాదే. సంగతి తెలియగానే ఆ సంఘంలోని డాక్టరు సహోదరి తన ఇంటి భోజనాల బల్ల దగ్గరే ఆయనను కూర్చోబెట్టి, చక్కెర పరీక్షించి, చీటీ రాసి, మందుల దుకాణం మూసే వేళకు తానే వెళ్లి తెచ్చారు. డబ్బు ఇవ్వబోతే, 'ముందు అన్నం తినండి' అని కసిరారు. అమ్మా, ఆ రాత్రి మీరు లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

మరునాడు ఉదయం లేచి చూస్తే వసారాలో రెండు అట్టపెట్టెల నిండా స్వెటర్లు, దుప్పట్లు. ఎవరెవరు తెచ్చి పెట్టారో అడిగినా చెప్పలేదు. ఆ స్వెటర్లు మీరు గుర్తుపడితే, నా వందనాలు మీకే. ఫోన్లకు ప్లగ్గులు సరిపోక మేము తంటాలు పడుతుంటే ఒక కుర్రవాడు అడాప్టర్లు తెచ్చాడు. ఇక్కడి ప్లగ్గు మన గీజరుకు వాడే లావు మూడు కాళ్ల ప్లగ్గే. ఎవరైనా వస్తే అలాంటిది ఒకటి తెచ్చుకోండి.

ఇక భోజనం సంగతి. బిర్యానీలో మసూర్ పప్పు వేస్తారు వీళ్లు. నెల్లూరువాళ్లం కదా, మొదట ముఖముఖాలు చూసుకున్నాం. రెండోసారి వడ్డించమని అడిగింది కూడా మేమే.

ఆదివారం ఆరాధన తర్వాత స్టాంగర్ దగ్గరే ఉన్న కియర్స్‌నీ అనే చోటికి తీసుకువెళ్లారు. 1903లో మన తెలుగు బాప్టిస్టులు నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని నాటాలుకు, అంటే డర్బన్ ఉన్న ఈ ప్రాంతానికి, పంపారు. చెరుకు, తేయాకు తోటల్లో కూలికి వచ్చిన తెలుగువారి మధ్య ఆయన మొదటి సంఘాన్ని అదే ఏడాది ఈ కియర్స్‌నీలోనే నెలకొల్పారు. ఈ కథ నేను చిన్నప్పుడు బడిలోనే విన్నాను. కానీ ఆ నేల మీద నిలబడి, 'మా తాతల కోసం మీ ఊరి మనిషి ఓడెక్కి వచ్చాడు, మీకు నాలుగు దుప్పట్లు ఇవ్వడం ఒక లెక్కా' అని ఒక పెద్దాయన ఇంగ్లీషులో అంటుంటే నాకు మాట రాలేదు. వారిలో చాలామందికి ఇప్పుడు తెలుగు రాదు. అయినా ఒక ముసలమ్మ, ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్న పాత పుస్తకం తెరిచి, తెలుగు కీర్తన మూడు చరణాలు పాడింది. పలుకు అక్కడక్కడ తప్పింది, రాగం తప్పలేదు. మా అమ్మాయిలు శ్రుతి కలపకుండా వింటూ ఉండిపోయారు.

నాలుగో రోజు పెట్టెలన్నీ వచ్చాయి. హార్మోనియంలో రెండు మెట్లు పలకడం లేదు. డర్బన్‌లోని చాట్స్‌వర్త్‌ పేటలో బాగుచేసేవారు ఉన్నారట. శనివారం తానే తీసుకువెళతానని మా వ్యాను నడిపే అన్న అప్పుడే దాన్ని వెనక సీటులో దుప్పటి చుట్టి పెట్టుకున్నారు.