పాత కెమెరా అమ్మేద్దామన్నావు కదా

చిన్నా,

నీ మెసేజ్ నాన్నగారు నాకు చూపించారు. ఆయన ఏమీ అనలేదు, నేనే అంటున్నాను. భుజం మీద పెట్టుకునే ఆ కెమెరా అమ్మేసి, ఇంకాస్త డబ్బు కలిపి సూపర్ 35 (సినిమా ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సార్) సినిమా కెమెరా కొందాం, పెళ్లిళ్లకీ అదే, నీ షార్ట్ ఫిల్మ్‌కీ అదే అన్నావు. కొనడం దగ్గర నాకు పేచీ లేదు, అమ్మడం దగ్గరే.

కనుమ నాడు మన కోనసీమలో జగ్గన్నతోట తీర్థం గుర్తు తెచ్చుకో. గంగలకుర్రు ప్రభలు, భుజాల మీద మోసే ఆ ఎత్తయిన దేవుడి ప్రభలు, కౌశిక కాలవలోకి దిగాక మోసేవాళ్లు నీళ్లలో, పైన ప్రభ ఊగుతూ, గట్టంతా జనం. నాన్నగారు ప్రభ కొసన మొదలుపెట్టి మోసేవాడి మొహం దాకా ఒకే షాట్‌లో దిగిపోతారు, 20 రెట్ల జూమ్ వేళ్ల కిందే ఉంటుంది కాబట్టి. ఆ సెన్సార్ 2/3 అంగుళం, చిన్నది, అందుకే ముందున్న మనిషీ వెనక గట్టూ రెండూ స్పష్టంగా వస్తాయి. లెన్సు రంధ్రం ఎఫ్4లో ఉన్నప్పుడు అది ఇచ్చే ఫోకస్ లోతు అదే ఫ్రేముకి సూపర్ 35లో కావాలంటే ఆ రంధ్రాన్ని సుమారు ఎఫ్10 దాకా మూయాలి, సాయంత్రం పూట అంత వెలుతురు ఎక్కణ్ణుంచి తెస్తావు? ఐఎస్ఓ, అదే వెలుతురికి సెన్సార్ సున్నితత్వం, పెంచుతానంటావు, సరే పెంచు. ఆటోఫోకస్ ఉందంటావు, ఉంది, కానీ అన్ని మొహాల్లో మనకి కావాల్సింది ఏదో దానికెలా తెలుస్తుంది? పోనీ పాత కెమెరాకున్న ఆ బి4 బిగింపు లెన్సునే అడాప్టర్‌తో పెద్ద సెన్సార్‌కి బిగిద్దామంటే, బొమ్మని సాగదీసేటప్పుడు అది వెలుతురు మింగేస్తుంది.

పెళ్లిలో మిక్సర్ దగ్గర కూర్చునేది నేను కదా, ఇంకో సంగతి. బొమ్మ అప్పటికప్పుడు ఎల్ఈడీ తెర మీదకీ, అమెరికాలో చుట్టాలకి లైవ్‌లోకీ పోతుంది. లాగ్‌లో, అంటే తర్వాత దిద్దుకోవడానికి రంగులు చప్పగా ఉంచే పద్ధతిలో, పంపితే పెళ్లికూతురు బూడిదరంగులో కనబడుతుంది. ఆ రంగుల్ని సరిచేసే లట్ వేసి పంపినా ఆ ఒక్క కెమెరా రంగు మిగతావాటితో కలవక నా ప్రాణం తీస్తుంది. జీలకర్ర బెల్లం ఇంకో టేక్ అని పంతులుగారిని అడగలేం కదా, నువ్వు లెన్సు మార్చుకునేలోపు తలంబ్రాలు కూడా అయిపోతాయి.

అదే నీ కథకైతే సినిమా కెమెరానే కావాలి, అందులో నాకు అనుమానం లేదు. కొబ్బరితోటలో మధ్యాహ్నం మొహం మీద ఆకుల నీడ, ఆ నీడల మధ్య కాలిపోతున్న ఎండ చుక్కలు, వెనక తెల్లటి ఆకాశం, వీటన్నిటినీ ఒకే ఫ్రేములో పట్టాలంటే మన కెమెరా వల్ల కాదు, ఆకాశం సున్నం కొట్టినట్టు అయిపోతుంది. లాగ్‌లోనో, సెన్సార్ చూసింది చూసినట్టు దాచే రా లోనో తీస్తే తర్వాత రంగులు దిద్దే గ్రేడింగ్‌లో ఆ ఆకాశాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. అక్కడ నటులు ఆగుతారు, టేపు పెట్టి దూరం కొలుచుకోవచ్చు, ఫోకస్ తిప్పడానికే ఉండే ఫోకస్ పుల్లర్ పక్కన ఉంటాడు. వెనకాలదంతా మెత్తగా కరిగిపోవడం కూడా అక్కడే అందం, కాలవ గట్టున కాదు.

కాబట్టి షూటింగ్ వరకూ హైదరాబాద్‌లో అద్దెకి తీసుకో. కెమెరా ఒక్కదాని అద్దే చూడకు. లెన్సులు, వాటి ముందు ఎండ ఆపే మ్యాట్ బాక్స్, మానిటర్, ఫోకస్ కుర్రాడి బత్తా, రా ఫైళ్లు దాచడానికి హార్డ్ డిస్కులు, అన్నీ కలిపి లెక్క రాసి పంపు. సెకనుకి 25 ఫ్రేములకే పెట్టుకో, మన కరెంటు 50 హెర్ట్జ్, లేకపోతే మండువా ఇంట్లో ట్యూబ్‌లైట్లు మిణుకుమంటే మళ్లీ నాకే ఫోన్ చేస్తావు.

మాఘమాసం పెళ్లిళ్లు అప్పుడే ఒప్పుకున్నారు నాన్నగారు, అంతర్వేది కల్యాణం కూడా ఉంది. కెమెరా వెనక తగిలించే పాత వీ-మౌంట్ బ్యాటరీలు చార్జ్ నిలబెట్టడం లేదు. వచ్చేటప్పుడు రెండు చూసి పట్టుకురా, డబ్బు నేను వేస్తాను.

అమ్మ