21 నుంచి 50 వరకు నంబరున్న ప్రింట్లు కొన్నవాళ్లకి

ముందు అసలు సంగతి. నా 'పొద్దువాలాక' ప్రింటు మీ ఇంట్లో ఉంటే, కింద ఎడమ మూలన పెన్సిలుతో రాసిన నంబరు (మొత్తం యాభైలో అది ఎన్నోదో) చూడండి. 1/50 నుంచి 20/50 లోపు అయితే ఈ ఉత్తరంతో మీకు పనిలేదు. 21/50 నుంచి 50/50 మధ్య ఉంటే మాత్రం అది నేను చెప్పి అమ్మిన పేపరు మీద లేదు, చెప్పిన ఇంకుతోనూ లేదు. రంగు వెలుస్తుంది. కొందరి ఇళ్లలో ఇప్పటికే వెలిసింది. మార్చి ఇస్తాను, లేదంటే డబ్బు వెనక్కిస్తాను. ఎలా అన్నది తేల్చుకోవడానికే ఇన్నాళ్లు పట్టింది, అది కింద రాశాను.

మొదటి నుంచీ నా దగ్గర కొంటున్న ఒకావిడ ఒకే గోడ మీద రెండు ప్రింట్లు పెట్టుకున్నారు. ఒకటి తనకి, ఒకటి కూతురికి ఇద్దామని. మొదటిది తొలి విడతది, రెండోది తర్వాతది. "ఒకదాంట్లో ఆకాశం గులాబీగా ఉంది, ఇంకోదాంట్లో బూడిద రంగు. కావాలనే అలా వేశావా అమ్మా?" అని ఫొటో పంపారు. కావాలని వేయలేదండీ.

ఇలాంటి డిజిటల్ ప్రింట్లు యాభైకి యాభై ఒకేసారి తీయించం. అమ్ముడయ్యే కొద్దీ విడతలుగా తీయిస్తాం. రెండు విడతలకీ ఫైలు అదే, ల్యాబు అదే. బిల్లు మీద రాసిన పేపరు పేరూ అదే: నూటికి నూరుపాళ్లు కాటన్, పిగ్మెంట్ ఇంకు. మా పక్క స్టూడియోలో శిల్పాలు చేసే అతను నోట్లు పరీక్షించే నీలం లైటు తెచ్చిచ్చాడు. గది చీకటి చేసి వేస్తే తొలి విడత పేపరు మసకగా ఉండిపోయింది. రెండో విడతది నీలంగా వెలిగిపోయింది. ఆ వెలుగు ఆప్టికల్ బ్రైటెనర్‌ది. బట్టల సబ్బుపొడిలో కలిపేదీ ఆ జాతిదే. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా తిరిగి వదులుతుంది, దాంతో కాగితం మరీ తెల్లగా కనిపిస్తుంది. కాలం గడిచేకొద్దీ ఆ గుణం పోయి తెలుపు పసుపుబారుతుంది.

అదొక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. బ్రైటెనర్ ఉన్న పేపర్ల మీద మంచి పనులు చేసేవాళ్లూ ఉన్నారు. ఇంకు సంగతే వేరు. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నటి రేణువులుగా ఉంటుంది. పైపొర వెలుతురుకి దెబ్బతిన్నా లోపల ఇంకా రంగు మిగిలే ఉంటుంది. డై ఇంకులో రంగు కరిగిపోయి విడివిడి అణువులుగా ఉంటుంది. వెలుతురూ గాలిలోని ఓజోనూ వాటిని తొందరగా విరిచేస్తాయి. మన ఆకాశంలో గులాబీని మోస్తున్నది మెజెంటా అనే ముదురు గులాబీ ఇంకు. అది పోతే మిగిలేది బూడిదే.

ల్యాబు వాళ్లని అడిగాను. నేరుగా ఎండ పడేచోట తగిలించి ఉంటారని మొదటి జవాబు. ఎండ మొహం చూడకుండా నా అల్మరాలో రెండు అట్టల మధ్య ఉన్న ప్రింటు కూడా ఆ లైటు కింద నీలంగానే వెలుగుతోందని చెప్పాను. అప్పుడు, ఆ పేపరు దొరకడం లేదు కాబట్టి దానికి సమానమైనది వాడామన్నారు. ఇంకు గురించి అడిగితే మెషీన్ మార్చామన్నారు. మరి బిల్లు మీద పాత పేర్లే ఎందుకున్నాయి? కంప్యూటర్లో అవే ఫీడ్ అయి ఉన్నాయట! "ఇన్నాళ్లుగా అందరికీ అవే ఇస్తున్నాం, ఒక్కరూ అడగలేదు" అని కూడా అన్నారు. అది సమాధానం అనుకుని అన్నారో, ధీమాతో అన్నారో నాకిప్పటికీ అర్థం కాలేదు. చివరికి అక్కడి పెద్దాయన అన్న మాట ఇది: "వాన్‌గో రంగులే వెలిసిపోయాయి, మనమెంత?"

నిజమే, వెలిశాయి. డచ్ చిత్రకారుడు వాన్‌గో 1888లో వేసిన పడకగది బొమ్మలో మనకిప్పుడు నీలంగా కనిపించే గోడలు ఒకప్పుడు ఊదారంగువి. అందులోని ఎరుపు పోయింది, నీలం మిగిలింది. కానీ ఆయన తెలిసే వాడాడు. కొత్త రంగులు నిలవవనీ, కాలం వాటిని ఎలాగూ మెత్తబరుస్తుంది కనుక ముందే గాఢంగా వేయాలనీ ఆ ఏడాదే తమ్ముడికి ఉత్తరం రాశాడు. తన బొమ్మ మీద తన నిర్ణయం అది. నా బొమ్మ మీద నిర్ణయం నాకు చెప్పకుండా ఇంకొకరు తీసుకున్నారు. రెండింటికీ పోలికేంటి? ఇది అక్కడే అనేశాను. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు, లెక్కలు మాత్రమే ఉన్నాయి. రెండో విడత బిల్లు మొత్తం వాపసు అడిగాను. సగం ఇచ్చి మిగతాది తర్వాతి ఆర్డర్లో తగ్గిస్తామన్నారు. తర్వాతి ఆర్డరు ఉండదన్నాను.

ఇక గ్యాలరీ. 21 తర్వాతి నంబర్లలో సుమారు సగం గ్యాలరీ గోడ మీద నుంచే అమ్ముడయ్యాయి. అక్కడి పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మా బొమ్మలు అక్కడ ఉంచుతాం, అమ్ముడైతే వచ్చినదాంట్లో సగం వాళ్లది. సగం అనేసరికి మా ఇంట్లోవాళ్లు గుండెలు బాదుకున్నారు గానీ, ఈ రంగంలో అది మామూలే. గోడ, లైట్లు, ప్రారంభోత్సవం, వచ్చేవాళ్లకి బొమ్మ గురించి చెప్పే మనిషి, ఇవన్నీ అందులోంచే రావాలి. దానిమీద నాకు ఫిర్యాదు లేదు. అయితే కొన్నది ఎవరన్నది మాత్రం మాకు చెప్పరు. రేపు కొనేవాడు నేరుగా మా స్టూడియోకే వస్తే వాళ్ల సగం పోతుందని భయం. మామూలు రోజుల్లో అదీ అర్థం చేసుకోగలను.

ఈసారి పేర్లు అడగలేదు. ఒక ఉత్తరం రాసిస్తాను, మీరే మీ కవర్లో పెట్టి పంపండి అన్నాను. వద్దన్నారు. "చూడమ్మా, ఇలాంటివి బయటపెడితే నీ పేరే కాదు, ఆ గోడ మీద ఉన్న అందరి పేరూ పోతుంది. కొత్తవాళ్లకి ఇంత పట్టింపు పనికిరాదు. అడిగినవాళ్లకి మార్చిద్దాం, అడగనివాళ్లని కదపొద్దు." వాళ్లకి దక్కిన సగంలోంచి వాపసు భారం పంచుకోమని అడిగితే దానికీ కుదరదన్నారు. ఆ వారమే నా బొమ్మలన్నీ దింపి తెచ్చేసుకున్నాను. రాబోయే గ్రూప్ షోలో నాకిచ్చిన గోడ కూడా పోయింది. పంతమనే అనుకోండి. కొత్తదాన్నే, ఒప్పుకుంటాను, కానీ కింద పెన్సిలుతో సంతకం పెట్టింది నేను. వాళ్ల వాటాకి పోయిన డబ్బు కూడా నా జేబులోంచే ఇస్తాను. ఈ ఉత్తరం ఇలా అందరికీ రాయడానికి కారణం కూడా అదే: గ్యాలరీలో కొన్నవాళ్లని చేరడానికి నాకు ఇంకో దారి లేదు. మీకు తెలిసినవాళ్లింట్లో ఈ బొమ్మ చూసి ఉంటే ఒక మాట చెప్పండి.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం నంబర్లు. డబ్బు కన్నా, ల్యాబు కన్నా ఇదే ఎక్కువ తినేసింది. చదివే ఓపిక లేకపోతే తర్వాతి మూడు పేరాలు దాటేయండి.

యాభై అని రాసి అమ్మానంటే ప్రపంచంలో ఆ ప్రింట్లు యాభైయే ఉంటాయని మాటిచ్చినట్టు. ఆ యాభైని కలిపి ఎడిషన్ అంటారు. రాగి రేకు మీద సూదితో గీసి అచ్చు వేసే రోజుల్లో ఆ హద్దు రేకే పెట్టేది. గీత అంచున లేచిన సన్నటి రాగి పొర ఇంకుని పట్టి మెత్తని నలుపునిచ్చేది. అది కొన్ని పదుల ముద్రలకే అణిగిపోయేది, తర్వాతి కాపీల్లో ఆ నలుపు వచ్చేది కాదు. అచ్చు పూర్తయ్యాక రేకు మీద అడ్డంగా గీతలు కొట్టి, ఇక ఇంతే అని రద్దు చేసేవాళ్లూ ఉన్నారు. అలా చేయకపోతే ఏమవుతుందో పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ రేకులు చెబుతాయి. ఆయన పోయిన వందేళ్ల తర్వాత కూడా చేతులు మారుతూ, మళ్లీ చెక్కించుకుంటూ కొత్త కాపీలు దించాయి. నాది కంప్యూటర్లో ఫైలు. అది అరగదు. యాభయ్యో కాపీ ఎంత బాగుంటుందో ఐదువేలదీ అంతే బాగుంటుంది. ఇక్కడ హద్దు నా మాట ఒక్కటే.

అందుకని "పాడైనవాటికి బదులు కొత్తవి పంపేస్తే సరి" అని స్నేహితులు అంటుంటే నాకు ఒళ్లు మండింది. 27/50 కొత్తది పంపి పాతది మీ దగ్గరే ఉంచితే, 27లు రెండు ఉంటాయి. ఇలా ముప్పై రెట్టింపయితే మొత్తం ఎనభై. పోనీ 'రెండో ఎడిషన్' అని పేరు మార్చి ముద్రిద్దామా? అదీ చేస్తారు. అమెరికాలో విలియం ఎగుల్‌స్టన్ అనే పేరున్న ఫొటోగ్రాఫర్ తన పాత పరిమిత ఎడిషన్ ఫొటోల్లో కొన్నింటిని పెద్ద సైజులో ఇంక్‌జెట్ ప్రింట్లుగా కొత్తగా తీయించి 2012లో వేలం వేయించాడు. పాతవి కొనుక్కున్న ఒక సేకర్త కోర్టుకెక్కాడు. 2013లో కోర్టు ఫొటోగ్రాఫర్ పక్షానే నిలిచి కేసు కొట్టేసింది. సైజు వేరు, పద్ధతి వేరు, కాబట్టి కొత్త ఎడిషనే అన్నమాట. చట్టం తప్పులేదంది. కానీ ఆ సేకర్త చోట నన్ను ఊహించుకుంటే నాకు నచ్చలేదు. పైగా నాది అదే సైజు, అదే పద్ధతి, ఆ సాకు కూడా లేదు.

మూడో దారి ఎడిషన్‌ని ఇరవైతో ఆపేసి మిగతావాళ్లకి డబ్బు ఇచ్చేయడం. లెక్కకి అదే శుభ్రం. మొదటి ఇరవై మందికి లాభం కూడా. కానీ ఆ తర్వాత కొన్నవాళ్లలో ఒకరు దాన్ని అమ్మ గదిలో పెట్టుకున్నారు, ఇంకొకరు కొత్త ఇల్లు ఆ బొమ్మ చుట్టూ సర్దుకున్నారు. వాళ్లకి డబ్బిచ్చి చేతులు దులుపుకోవడం నావల్ల కాలేదు. పాతది మొత్తం వెనక్కి పంపమని అడుగుదామంటే, ఫ్రేముతో సహా ప్యాక్ చేసి పంపాలి. సగం మంది పంపరని నాకు తెలుసు, నేనైనా పంపను.

చివరికి తేల్చింది ఇది. ప్రింటు కింద తెల్లటి అంచు ఉంటుంది. ఎడమవైపు నంబరు, కుడివైపు నా సంతకం. బొమ్మకి అంటకుండా ఆ అంచుని అడ్డంగా కత్తిరించి ఆ పట్టీ నాకు పంపండి. అదే నంబరుతో కొత్త ప్రింటు వస్తుంది. నంబరూ సంతకమూ లేని పాతది ఇక ప్రింటు కాదు, ఒట్టి బొమ్మ. ఉంచుకుంటారో, పిల్లల గదిలో అతికిస్తారో మీ ఇష్టం. మీరు డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద కత్తెర వేయమని అడగడానికి నాకు చాలా రోజులు నోరు రాలేదు. ఇప్పుడూ చేతులు వణుకుతూనే రాస్తున్నాను. కత్తిరించడానికి మనసొప్పకపోతే ఒత్తిడి చేయను. డబ్బు ఇచ్చేస్తాను, నంబరు దాని మీదే ఉంటుంది, ఆ నంబరుతో ఇంకోటి పుట్టదు. పట్టీ రాని ఏ నంబరునీ మళ్లీ ముద్రించను. ఏది మారిందో ఏది మారలేదో స్టూడియో రిజిస్టర్లో ఉంటుంది, ఎవరొచ్చి చూసినా చూపిస్తాను.

అసలు పెయింటింగులకి, చేత్తో అచ్చు వేసిన లినోకట్లకి ఈ గొడవతో సంబంధం లేదు. అవి ఆ ల్యాబు గడప తొక్కలేదు. ఆర్డరు మీద వేస్తున్న బొమ్మలు అనుకున్న సమయానికే వస్తాయి. ఓపెన్ స్టూడియో రోజులు మామూలే.

కొత్త ప్రింట్లు మాత్రం ఆలస్యం. కొత్త ల్యాబు తీసిన నమూనాలు ఇప్పుడు నా కిటికీ అద్దానికి అతికించి ఉన్నాయి, ఒక్కోదానికీ సగం మేర రేకు కప్పి. కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా కనిపిస్తే ఆ ల్యాబుకీ నమస్కారమే. ఆ సంగతి తేలేవరకు 'పొద్దువాలాక'ది ఒక్క కాపీ కూడా బయటికి రాదు. కొత్త సిరీస్‌కీ అంతే. తొందరగా కావాలని అడిగేవాళ్లకి ముందే చెబుతున్నాను, తొందరగా రాదు.

ఈలోగా పాతదాన్ని కాపాడుకోవాలనుకుంటే కిటికీ ఎదురుగా కాకుండా పక్కగోడకి మార్చండి. యూవీ అద్దం వేయిస్తే మేలే, కానీ పూర్తి రక్షణ కాదు. కంటికి కనిపించే వెలుతురు కూడా రంగుని తింటుంది. అందుకే మ్యూజియంలు కాగితం మీది బొమ్మలకి సాధారణంగా వెలుతురుని 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) మించనివ్వవు. పోయిన రంగు మాత్రం తిరిగి రాదు. ఇంకు ఏదో తేల్చుకుందామని తడి వేలితో రుద్ది చూడకండి, డై అయితే అక్కడే అలుక్కుపోతుంది. నంబరు చూస్తే చాలు.

గ్యాలరీ రసీదు పోయినా ఫర్వాలేదు, నా పెన్సిలు రాత నాకు తెలుస్తుంది. నంబరు మౌంటు (ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కింద దాగిపోయి ఉంటే ఫ్రేము కట్టినవాళ్ల చేతే విప్పించండి. మీరే టేపు లాగితే పేపరు చిరుగుతుంది. విప్పి మళ్లీ కట్టించిన ఖర్చు కూడా నాకే రాయండి.